ఫెల్డ్‌స్పార్ గారికి నోటీసు

మౌలాలి,
4-6-1986

కాలనీ నిర్వహణాధికారి పద్మనాభం గారికి సలోమి నమస్కారాలు.

మా క్వార్టర్ల వెనక ఉన్న పెద్ద రాతిగుండును పదిహేనో తారీఖున పేల్చి, స్కూటర్ల షెడ్డు కడతారని విన్నాను. దయచేసి ఆపండి. ఇంట్లో ఏడుగురం. నేను ఇంటర్ పుస్తకాలు చదువుకునే చోటు అదొక్కటే. ఆ గుండుకి గులాబిరంగు తెచ్చింది ఫెల్డ్‌స్పార్. ఎంత చక్కని పేరో! జర్మనీ నుంచి వచ్చింది. ఫెల్డ్ అంటే పొలమట. రెండు వందల యాభై కోట్ల ఏళ్లుగా ఇక్కడే ఉంటోంది.

విధేయురాలు,
సలోమి

తా.క. మా నాయనమ్మ రోసమ్మ కూడా సంతకం పెడతానంది. అక్కడే మిరపకాయలు ఎండబెడుతోంది, చేతులు కారం. అందుకని నేనే వద్దన్నాను.

9-6-1986

కుమారి సలోమికి,

మీ ఉత్తరము అందినది. జర్మనీ నుండి వచ్చిన ఫెల్డ్‌స్పార్ అనువారు కాలనీ స్థలములో రెండు వందల యాభై కోట్ల సంవత్సరములుగా అనుమతి లేక నివసించుచున్నట్లు తెలిసినది. ఖాళీ చేయవలసినదిగా నోటీసు పంపుచున్నాము. వారే స్వయముగా సంతకము చేసి తీసుకొనవలెను.

ఇట్లు,
పద్మనాభం, నిర్వహణాధికారి

తా.క. వారితో ఇంకెవరైనా ఉన్నచో తెలుపగలరు.

12-6-1986

అయ్యా, నమస్కారం.

ఫెల్డ్‌స్పార్ మనిషి కాదు, ఖనిజం! ఆ గుండులో క్వార్ట్జ్, అభ్రకం కూడా ఉన్నాయి. మీ అటెండరు తుకారాం గారు మూడు రోజులుగా వస్తున్నారు. నిన్న, "ఏందమ్మా, గీ సారు ఎప్పుడొస్తడు? తిరిగి తిరిగి పరేషాన్ అయితున్న. తలుపుకు అంటిద్దమంటే తలుపు సుత లేదాయె!" అన్నారు. మా నాయనమ్మ మజ్జిగ ఇచ్చి, "నిలబడతావేంటయ్యా, ఆ గుండు మీదే కూర్చో. ఆయన ఎక్కడికీ పోడులే" అంది.

పేల్చడానికి ఇక మూడు రోజులే ఉన్నాయి. పుస్తకం తెరిస్తే ఒక్క అక్షరం ఎక్కడం లేదు.

విధేయురాలు,
సలోమి

తా.క. తుకారాం గారు నోటీసుని గుండు మీద ఉంచి, ఎగిరిపోకుండా రాయి పెట్టారు. ఆ రాయిలోనూ ఫెల్డ్‌స్పారే.

13-6-1986

కుమారి సలోమికి,

మనిషి కాదనుటకు ధ్రువపత్రము జతపరచలేదు. పైగా క్వార్ట్జ్, అభ్రకం అను మరో ఇద్దరు కూడా ఉన్నట్లు మీరే తెలిపినారు. వారికిని విడివిడిగా నోటీసులు పంపుచున్నాము. ముగ్గురి సంతకములు అందువరకు పేల్చుట వాయిదా వేయడమైనది.

ఇట్లు,
పద్మనాభం, నిర్వహణాధికారి

తా.క. అభ్రకం గారు స్త్రీయా, పురుషుడా?

14-6-1986

అయ్యా,

మీరు నా ఉత్తరాలు చదువుతున్నారా? వాయిదా అంటే మళ్లీ ఎప్పుడో పేలుస్తారనేగా! అది రాయేనని మా లెక్చరరు గారి చేత ధ్రువపత్రం రాయించాను. సోమవారం పొద్దున్నే స్వయంగా తెస్తాను.

సలోమి

తా.క. నాకు కోపం వచ్చింది. అయినా నమస్కారం.

బేగంపేట, ఇంటి నుంచి,
15-6-1986

అమ్మాయీ సలోమీ,

ఆదివారమైనా తుకారాం చేత ఇది పంపుతున్నాను. నీకు పుణ్యముంటుంది, ఆ ధ్రువపత్రం మాత్రం తేవద్దు! నీ మొదటి ఉత్తరం రాగానే నిఘంటువు తీసి చూశాను. రాయిని కాపాడే నిబంధన మా పుస్తకంలో ఎక్కడా లేదు. నోటీసు అందుకోని నివాసిని కదిలించకూడదని మాత్రం ఉంది. ఆఫీసు కాగితం మీద ఇంతకంటే ఎలా చెప్పను?

సంతకాల కోసం ఎదురుచూసి విసిగిపోయి, పైఅధికారులు షెడ్డు స్థలాన్ని నిన్ననే గేటు పక్కకి మార్చారు. హాయిగా చదువుకో.

మీ పద్మనాభం

తా.క. నోటీసులు పట్టుకొని రోజూ వస్తానని తుకారాం పట్టుబడుతున్నాడు. మజ్జిగ అంత బాగుందట. రేపు నేనూ వస్తాను. ఈలోగా ఫెల్డ్‌స్పార్ గారిని పొరపాటున కూడా సంతకం పెట్టనివ్వకు.