నాలుగు శ్రుతి

కృష్ణుడి కిరీటం ఈసారి కూడా చెవుల మీదికే దిగింది ఇస్మాయిలన్నా. అట్ట సాగిందో, నా తల చిన్నదయిందో తెలియదు. మన హిందూపురం నాటకాల హాలుకు ఈరోజు వజ్రోత్సవం. కొత్త సీజను మొత్తానికి పద్యనాటకం మాదొక్కటే. ఇదీ పండకపోతే వచ్చే ఏటి నుంచి వద్దని కమిటీ చెప్పేసింది.

నువ్వు పోయాక నీలా హార్మోనియం వాయించేవాళ్ల కోసం పెనుకొండ, ధర్మవరం తిరిగాను. ఎవరూ దొరకలేదు. చివరికి సంగీతం రికార్డు చేయించారు. నా శ్రుతి ఎప్పుడూ నాలుగని నేనే గొప్పగా చెప్పాను, ఆ ఎత్తులోనే చేసేశారు. పొద్దున రిహార్సల్లో మొదటి పద్యానికే గొంతు పగిలింది.

“రోంత దించప్పా” అన్నాను మైకాయనతో.

“అది రికార్డు, దిగదన్నా. నువ్వే ఎక్కాల.”

“ఈ వయసులో నేను మెట్లెక్కేదే కష్టంగా ఉండాది” అన్నాను. అందరూ నవ్వారు.

అప్పుడు అర్థమయింది. నా గొంతు దిగేకొద్దీ నువ్వు చెప్పకుండా శ్రుతి దించుతూ వచ్చావు. పైగా “నీ గొంతు అట్లే ఉండాదబ్బా” అనేవాడివి. నేను నమ్మాను.

నీ కుర్చీ స్టేజికి ఎడమ పక్కనే వేయించాను. గొంతు ఆగితే అటు చూడడం అలవాటు కదా. ఈరోజు చూస్తే...

“కృష్ణా, యాడుండావప్పా? తెర లేస్తాండాది!” అని అరుస్తున్నారు. పోతాండా ఇస్మాయిలన్నా, ఆ నాలుగు శ్రుతిలోనే పాడాల.