బోటులో నీళ్లు చేరితే మోగే బోర్డు

నాన్నా,

వరండాలో ప్లాస్టిక్ టబ్బులో ఉన్నది టీ డికాషన్ కాదు, రాగిని కరిగించే మందు. అందులో నేను చేస్తున్న రాగిపూత సర్క్యూట్ బోర్డు ఉంది. నేను గీసిన నల్లగీతలు మిగిలి, చుట్టూ రాగి పోగానే ప్లాస్టిక్ చెంచాతో తీసి కడుగు. గ్లవ్స్ వేసుకో. ఆ మందు కాలవలో పొయ్యకు. ఎలక్ట్రానిక్స్ షాపు భయ్యా, బోర్డుకి తగిలించే మోత బజర్ వచ్చిందన్నాడు, దానికోసం పోర్ట్‌బ్లెయిర్ బస్సెక్కుతున్నాను.

బోటు అడుగున నీళ్లు చేరితే మోగే బోర్డు ఇది. సూరయ్య మామ బోటుకి.

సునామీలో అమ్మ పోయినప్పటి నుంచి నువ్వు వేటకెళ్లలేదు. సముద్రం వైపు కిటికీ కూడా తెరవనివ్వలేదు, గాలాడక ఎంత ఉడికిపోయానో! నిన్న మామ "బావా, నా బోటులో వచ్చెయ్" అంటే, నువ్వు నావైపు తిరిగి "నువ్వొద్దంటే ఎల్లనమ్మా" అన్నావు. నేను లేచి లోపలికి వెళ్లిపోయాను. వద్దన్నాననే అనుకుని ఉంటావు.

కాదు నాన్నా, వెళ్లు. నాకు భయమే, అందుకే ఈ బోర్డు చేస్తున్నాను. మోగితే మాత్రం పంతానికి పోకుండా వెనక్కి వచ్చెయ్.

గౌతమి

మంచం కింద ఉన్న నీ వల తీసి ఎండలో వేశాను. ఎలుకలు కొరికిన చోట నువ్వే అల్లుకో. అమ్మలా అల్లడం నాకు రాదు.