మహ్రూస్ వాళ్లమ్మ ఇల్లెక్కడ?

అలెగ్జాండ్రియా, మార్చి 2

ప్రియమైన షహాతా,

అత్తారీన్ పేటలో మన ఇంటి గోడలు బీటలువారాయి. ఖాళీ చేసి, అన్ఫూషీలో పడవలు చేసేవాళ్ల వెనక సందులోకి వచ్చేశాను. ఇళ్లకు నంబర్లు లేవు, అడిగితే ఎవరైనా చెబుతారు. పదిహేడున మీ ఓడ ఒక్క పగలు ఇక్కడ ఆగుతుందట. పసిబిడ్డతో రేవు గేటు దగ్గర పడిగాపులు పడలేను, నువ్వే ఇంటికి రా. కాన్పు సుఖంగా అయింది, బిడ్డ క్షేమం. మిగతావి ఎదురుపడ్డాక చెబుతాను.

నీ కోసం చూస్తూ,
ఇన్సాఫ్

పిరేయస్, మార్చి 21

ప్రియమైన ఇన్సాఫ్,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు. పదిహేడున పొద్దున్న ఏడింటికి రేవు గేటు దాటాను. నాలుగింటికి మళ్లీ ఓడలో ఉండాలి.

పెళ్లాం పేరు నడివీధిలో ఎలా పలకను? మన పద్ధతిలోనే బిడ్డ పేరు పెట్టి, ‘మహ్రూస్ వాళ్లమ్మ ఇల్లెక్కడ?’ అని అడిగాను. కొడుక్కి మా నాన్న పేరేనని పెళ్లినాడే అనుకున్నాం కదా. మన ఊళ్లో తెలీదన్న మాట ఎవడి నోటా రాదు. మంగలి చేపల బజారు వెనక్కి పంపాడు. అక్కడ ఒక ముసలావిడ తలుపు తీసి, “మహ్రూస్ నా కొడుకే. ఇప్పుడేం చేశాడు?” అంది. వాడు నాకంటే రెండింతలున్నాడు. అక్కణ్నుంచి రాస్ ఎత్తీన్ పొమ్మన్నారు. అక్కడ ఇంకో మహ్రూస్ వాళ్లమ్మ. నా భార్య కోసం వచ్చానంటే, “మా ఆయన పోయి ఇరవై ఏళ్లయింది. కాస్త ఆలస్యంగా వచ్చావు నాయనా” అంది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు విరగబడి నవ్వారు.

కోట దాకా పోయి సముద్రపు గోడ వెంట వెనక్కి నడిచాను. బూట్లు కరిచి మడమలు రక్తాలు కారాయి. చివరికి పడవల సందులోనే చిక్కుడుగింజల బండివాణ్ని అడిగాను. “ఇక్కడే పుట్టి పెరిగాను. ఈ సందులో మహ్రూస్ అనేవాడే లేడు” అన్నాడు. అప్పటికే ఓడ కూత పెట్టింది.

మీ అన్న దగ్గరికి వెళ్లిపోయావా? నా మీద మనసు విరిగితే విరిగిందని రాయి. నా కొడుకును మాత్రం దాచకు.

షహాతా

అలెగ్జాండ్రియా, ఏప్రిల్ 4

ప్రియమైన షహాతా,

నేనెక్కడికీ పోలేదు. ఆ బండి మన బాల్కనీ కిందే ఉంటుంది. నీ గొంతు వినగానే బాల్కనీలోకి వచ్చాను. బిడ్డ నా చంకలోనే ఉంది. ఆడపిల్ల. పేరు నవ్వారా.

ఎదురుగా కూర్చుని చెబుదామని ఉత్తరంలో రాయలేదు. తీరా నువ్వు మహ్రూస్ అని అంత మురిపెంగా అడుగుతుంటే నాకు నోరు పెగల్లేదు. భయమేసింది. నువ్వు మలుపు తిరిగాక తెలివొచ్చి గేటు దాకా పరిగెత్తాను. ఓడ కదిలిపోయింది. తప్పు నాదే. వారం రోజులు అన్నం సయించలేదు.

సంగతి తెలిసి బండి హనఫీ నన్ను కడిగేశాడు. “కట్టుకున్నవాడు కాళ్లరిగేలా తిరుగుతుంటే పైనుంచి తమాషా చూశావా, నవ్వారా వాళ్లమ్మా?” అన్నాడు. సందంతా నన్నలాగే పిలుస్తుంది. “మగపిల్లాడు పుట్టేదాకా ఆ పిలుపు మానిపించు, పరువు పోతోంది” అని మీ అమ్మ పోరు పెట్టింది. నేను మానిపించలేదు.

జూన్‌లో మళ్లీ మీ ఓడ వస్తుందట. ఈసారీ నేను గేటు దగ్గరికి రాను. దారి తెలిసినా సరే, రేవు నుంచి ఇంటిదాకా కనబడ్డవాళ్లందరినీ నోరారా అడుగుతూ రా. అలా అడగలేనంటే ఓడ దిగకు.

ఇట్లు,
నవ్వారా వాళ్లమ్మ