హాజరు పట్టీలో నూకాలు

నూకాలూ,

ఈ ఉదయం బడి ఊడుస్తుంటే నీ పలక దొరికింది. తుడుచుకోవడానికి నువ్వు కట్టుకున్న గుడ్డపీలిక ఇంకా దానికే ఉంది.

ఇవాళ ఇనస్పెక్టరు గారు వచ్చారు. ఇరవై మంది ఆడపిల్లలు లేకపోతే తాలూకా బోర్డు మన బడి మూసేస్తుంది. మన్యం జ్వరంతో నువ్వు పోయాక పంతొమ్మిది మందే మిగిలారు. "పేరు కొట్టెయ్యకండి. అన్ని బళ్లలోనూ చేసే పనే" అన్నారు హెడ్మాస్టరు గారు. పట్టీ రాసేది నేనే; కొట్టెయ్యలేదు.

ఇనస్పెక్టరు గారు నీ పేరు పిలిచారు. "హాజరండీ" అని వెనక వరసలోంచి వినిపించింది.

చల్లకుండ నెత్తిన పెట్టుకుని అటే వెళ్తున్న మీ అమ్మ గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"నా పిల్ల పేరెట్టి పలికిందెవులమ్మా?"

పిల్లలందరూ తలలు దించుకున్నారు. నేనూ దించుకున్నాను. నేను చదివిన కాన్వెంటులో అబద్ధమాడితే మోకాళ్ల మీద నిలబెట్టేవారు. ఇక్కడ ఎవరూ నన్నేమీ అనలేదు.

"అది పోయి రెండు నెల్లయిందండి బాబూ" అని ఆయనతో చెప్పి, మీ అమ్మ కుండ సర్దుకుని వెళ్లిపోయింది.

ఆయన నీ పేరు మీద ఎర్రగీత గీశారు. సోమవారం నుంచి బడి ఉండదు.

పలికింది మీ చెల్లెలు. దానికింకా బడి యీడు రాలేదు. నాలుగు రోజులు దగ్గర కూర్చోబెట్టుకుని నేనే నేర్పాను.