చాతం కొండ మీది రాయి

అయ్యా,

అటవీ అధికారి గారికి, ఆష్టన్ ఊరి కాపురస్తుడు కెమ్రాన్ ఆకీ ఫోన్లో పెట్టుకుంటున్న అర్జీ. మీ ఆఫీసు గుమ్మం దాకా వచ్చాను. లోపల జనం ఉన్నారు, వెనక్కి వచ్చేశాను. అందుకే ఇలా.

విషయం: చాతం కొండ మీద బల్లులుండే రాయి ఒకటి మా తాత సమాధికి ఇప్పించమని.

1. మా తాత సైలస్ ఆకీ పెద్ద తుఫానులో ఇల్లు కూలి మీద పడి చనిపోయాడు. పూడ్చాం గానీ ఇంకా రాయి నిలపలేదు. రాయి నిలిపి విందు పెట్టేదాకా పోయినవాళ్లు కుదురుగా పడుకోరని తమకూ తెలుసు.

2. తాత మా అమ్మ కలలోకి వస్తున్నాడు. "మెర్లీనా, నా మీద బరువేం లేదే, గాలి లాక్కుపోతోంది. చాతం కొండ రాయి తెచ్చి పెట్టవే" అంటాడట. తుఫానుకి మా ఊళ్లో ఒక్క కప్పు మిగల్లేదు, ఆ రాయి మాత్రం కదల్లేదు. అమ్మ ఉప్పు లేని అన్నం ముద్దలు చేసి పోయిన పెద్దలకి పళ్లెం పెట్టింది. అయినా తాత రావడం మానలేదు. కళ్లు మూస్తే వస్తాడని అమ్మ ఇప్పుడు పడుకోవట్లేదు. పొయ్యి దగ్గర తూలి చెయ్యి కాల్చుకుంది.

3. కొండకి కాపలా ఉండే ఆల్డన్ అన్నని అడిగితే, "ఒరేయ్, ఈ బల్లులు లోకం మొత్తానికి ఈ కొండ మీదే ఉన్నాయి. రాయి ఎత్తావో, నిన్నే ఎత్తుకెళ్లి లోపలేస్తారు" అన్నాడు. మా ఎల్‌రాయ్ మామ, "బల్లికి ఇల్లుంది, మా నాన్నకి లేదు. బాగుందయ్యా మీ చట్టం!" అని తిట్టి వచ్చాడు. రేపు పొద్దున్నే గడ్డపార పట్టుకుని తనే వెళ్తానంటున్నాడు.

4. నిన్న నేనొక్కణ్ణే వెళ్లాను సార్. రాయి కొంచెం ఎత్తి చూశాను. బల్లులు చిటికెన వేలంత కూడా లేవు. మెడ మీద కళ్లలాంటి మచ్చలు. అసలు కళ్లూ ఆ కళ్లూ కలిసి నన్నే చూశాయి, పారిపోలేదు. మెల్లగా దించేశాను. రాయికి నోరు ఆనించి "తాతా, ఏం చెయ్యను" అని అడిగాను. ఇది ఇంట్లో చెప్పలేదు. మీకే చెబుతున్నా.

కావున తమరు దయతలచి ఆ రాయి ఇప్పించాలి. బల్లుల్ని నేనే పక్క రాయి కిందికి జాగ్రత్తగా చేరుస్తాను. కుదరదంటే తమరే వచ్చి, కుదరదని మా తాతకి చెప్పాలి. మా మాట ఆయన వినట్లేదు. అమ్మ ముఖం చూసైనా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కెమ్రాన్ ఆకీ

తా.క. సార్, ఇది పంపేలోపే తెల్లారింది. రాత్రి అమ్మ మంచం మీద పడుకుని హాయిగా నిద్రపోయింది. లేవగానే "కొండ మీదికెళ్లి తాతని పిలిచావా?" అని అడిగింది. నేను చెప్పలేదు సార్. కలలో తాతే చెప్పాడట. "పిల్లాడు రాయి ఎత్తినప్పుడు ఆ సందులోంచి లోపలికొచ్చేశా. ఇక్కడికి గాలి రాదు. ఇక ఎవర్నీ ఎత్తనియ్యకు" అన్నాడట. మామకి చెబితే, "మీ కలలు పూటకోటి!" అని గడ్డపార తీసుకుని వెళ్లిపోయాడు. ఆల్డన్ అన్నని తొందరగా పంపండి సార్. ఆ రాయి ఎవరికీ ఇవ్వకండి. మాకు కూడా.