నడిమి గోడ

ధర్మపురి,
18-11-1957

చి.ల.సౌ. కొమురవ్వకు రాయమల్లు దీవెనలతో రాసేది. ఇక్కడ నేనూ, నా కుట్టుమిషనూ, నువ్వు విడిచిపోయిన నల్లమేకా కులాసా. వేములవాడలో నువ్వూ, అత్తమ్మా మామా, కడుపులో బిడ్డా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నువ్వు అడిగినవాటికి జవాబు రాస్తున్నాను. మేక ఇంకా ఈనలేదు. చింతకాయ తొక్కు ఎవరికీ పెట్టలేదు, నేనే తింటున్నాను. ఇక వెనుక గోడ పగులు. నువ్వు పోయేనాడు అందులో వేలు పట్టేది, దసరా నాటికి పిడికిలి పట్టింది. పునాది కింద మట్టి మెత్తబడి కుంగిందనీ, పసిబిడ్డను ఆ గోడ కింద పడుకోబెట్టవద్దనీ గోడలు కట్టే సుతారి దశరథం తేల్చి చెప్పాడు.

పరేషాన్ కావద్దు. పని అయిపోయింది. మూరెడు మూరెడు చొప్పున తవ్వి, మెత్తని మట్టి తీసేసి, పెద్ద రాళ్లు పరిచి డంగుసున్నంతో కట్టారు. నిన్న దారానికి రాయి కట్టి వేలాడదీసి చూశాను. గోడ నా కుట్టు కన్నా తిన్నగా ఉంది.

ఆలి కడుపుతో ఉండగా మగడు పునాదికి గడ్డపార ముట్టించరాదని అత్తమ్మ చెప్పి పంపింది కదా. నేను ముట్టించలేదు, నీ మీద ఒట్టు. ఉత్తరం మీ తమ్ముడు చదివి వినిపిస్తుంటే ఇక్కడ ఆపించి, కాగితం తీసుకుని మిగతాది నువ్వే చదువుకో.

మొదటి పోటు ఇంటి మగవాడే వేయాలని దశరథం పట్టుబట్టాడు. నేను కాకపోతే ఇంకెవరున్నారు, నడిమి గోడ అవతల మా నాగయ్య అన్న తప్ప? మూడేళ్లుగా మాటల్లేవు. రెండు రోజులు వాకిట్లోనే తిరిగి మూడో రోజు పోయి అడిగాను. తలకు రుమాలు చుట్టుకుని వచ్చాడు.

తవ్వితే అసలు సంగతి బయటపడింది. వాటాలు పంచుకున్న కోపంలో ఆ నడిమి గోడను వాననీళ్లు పోయే మోరి మీదనే లేపాము. దారి లేక మూడేళ్ల వాన మన పునాదిలోకే ఇంకింది. గోడ కట్టేనాడు దారం పట్టి గీత చూపించింది నేనే. సిగ్గేసింది.

"గీ గోడ ఉన్నన్ని దినాలు నీ ఇల్లు నిలువది, నా ఇల్లు నిలువది. ఏం జేద్దాం తమ్మీ?" అన్నాడు అన్న.

తీసేద్దామన్నాను. నిన్ను అడగకుండానే అన్నాను. నేను చేసిన తప్పు అదే. దాన్ని చెప్పడానికే ఇంత దూరం రాసుకొచ్చాను.

బావి వాళ్ల వాటాలో పడ్డదీ, లింగవ్వ వదిన నీ బొక్కెన బయటికి విసిరేసిందీ, చచ్చినా ఆ నీళ్లు ముట్టనని నువ్వు అన్నదీ మరచిపోలేదు. గోదావరి నుంచి నువ్వు మోసిన బిందెలు నా కళ్ల ముందే ఉన్నాయి. నడిమి గోడ పెద్ద రాళ్లన్నీ మన పునాదికే పోయాయి. మిగిలినవి వాకిట్లో పేర్చి పెట్టాను. నువ్వు కట్టమంటే, మోరికి దారి విడిచి మళ్లీ కడతాను. అన్నతోనూ ఆ మాటే చెప్పాను, సరే అన్నాడు.

మొన్న వదిన బావి గిలక పక్కన కొత్త బొక్కెన తగిలించింది. కాళ్లు కడుక్కుందామని చెయ్యి వేశాను. వంటింట్లోంచే కసురుకుంది.

"అది ముట్టకు. కొమురవ్వది. బిడ్డనెత్తుకొని వచ్చినంక ఆమెనే చేదుకుంటది."

ఇట్లు,
నువ్వు వచ్చేదాకా ఆ బొక్కెన ముట్టని
నీ పెనిమిటి
రాయమల్లు