పాలు లేని తోడు

తమ్ముడు తిరుపతిని యాదగిరి నర్సన్న చల్లగా చూడాలని మొక్కుతూ అక్క రాసేది.

నువ్వు మాత్రలు మానేసి పెరుగు మాత్రమే తింటున్నావని మీ ఆవిడ సౌజన్య చెప్పింది. ఫోన్ చేస్తే నన్ను మాట్లాడనివ్వవు, అందుకే రాస్తున్నాను.

నీ కడుపులో ఉన్న బ్యాక్టీరియానే నిరుడు మీ బావకూ వచ్చింది. మాత్రలకు విరేచనాలు పట్టుకున్నాయి. దిల్‌సుఖ్‌నగర్ డాక్టరమ్మ, "మందులకు తోడు ప్రోబయోటిక్ పెరుగు తినుండ్రి" అంది. ఈయన పెరుగు పట్టుకుని మందులు వదిలేశాడు. కడుపునొప్పి మళ్లీ మొదలైంది.

మేమిద్దరం భయపడుతూ మళ్లీ వెళ్తే డాక్టరమ్మ కోప్పడలేదు.

"ఏందయ్యా, ఒట్టి తోడు గిన్నెల ఏస్తే పెరుగైతదా?"

"పాలు లేంది ఎట్లయితది మేడం?" అన్నాడు మీ బావ.

"మరి మందులే పాలు. పెరుగు తోడే!"

బ్యాక్టీరియాను చంపేది మందేనట. పెరుగులోని మంచి సూక్ష్మజీవులు దానికి సాయపడవచ్చట, విరేచనాలూ తగ్గించవచ్చట. అంత చదువును మన వంటింటి మాటలో పెట్టిన ఆ తల్లికి మనసులోనే దండం పెట్టుకున్నాను. రోజూ పాలు తోడేసే నాకే అది తోచలేదు. ఆమె కొత్తగా రాసిన మందులు ఈయన పెరుగుతో పాటు పూర్తిచేశాడు. తర్వాత పరీక్షలో ఏమీ లేదని వచ్చింది.

శనివారం ఎల్‌బీ నగర్‌లో బస్సు దిగు. ఆమెకు చూపిద్దాం. రాకపోతే నేనే వస్తాను. నాకు అరవడం రాదని నీకు తెలుసు. నీ పక్కన కూర్చుని ఏడుస్తాను.

మీ అక్క